ఐజాక్ బేకరీ డబ్బాల బోర్డు, నేను అడిగిన ఎనిమిది కిలోవాట్లు

సికింద్రాబాదు,
నవంబరు మూడో వారం.

విద్యుత్ శాఖ అసిస్టెంట్ ఇంజనీరు గారి సముఖమునకు,
పాత బోయిన్‌పల్లి నివాసి కె. డోరా వ్రాసుకొను అర్జీ.

విషయం: నా ఇంటి విద్యుత్ లోడును నాలుగు కిలోవాట్ల నుండి ఎనిమిది కిలోవాట్లకు పెంచి త్రీఫేజు సర్వీసు ఇప్పించవలసినదిగాను, నా గేటుకు ఉన్న బోర్డు వ్యాపార బోర్డు కాదని గుర్తించవలసినదిగాను కోరుట గురించి.

అయ్యా,

నేను పైన తెలిపిన చోట సొంత ఇంటి కింది వాటాలో నివసిస్తున్నాను. నా వయస్సు యాభై. పదో తరగతి వరకు చదివాను. ఒక మిషను ఆస్పత్రిలో దుప్పట్లు, తెరలు, ఆపరేషను గది గుడ్డలు ఇచ్చి పుచ్చుకునే గదిలో పనిచేస్తున్నాను. లోడు పెంపు కోసం నేను పెట్టుకున్న దరఖాస్తుపై తమ కార్యాలయం వారు తనిఖీ జరిపించి, మూడు అభ్యంతరాలతో తిప్పి పంపించారు. ఇంట్లో ఉన్నది ఒక్కరే గనుక ఇంత లోడు ఎందుకో తెలియుట లేదన్నది మొదటిది. ఇంట్లో వ్యాపార సామగ్రి కనబడినదన్నది రెండవది. గేటుకు వ్యాపార బోర్డు ఉన్నదన్నది మూడవది. బోర్డు తొలగించి ఫోటో జతపరచి, గృహ అవసరమేనని రుజువు చూపిన యెడల తిరిగి పరిశీలిస్తామని, లేనిచో వ్యాపార కేటగిరీలో దరఖాస్తు చేసుకోవాలని అందులో ఉన్నది.

తనిఖీకి వచ్చిన కల్యాణ్ గారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. చెప్పులు బయట విడిచి వచ్చారు. చూసింది చూసినట్టే వ్రాశారు. చూసిన దాని వెనక ఉన్నది నేనే సరిగా చెప్పలేకపోయాను. నాది నెమ్మదిగా మాట్లాడే అలవాటు, ఆయనకేమో ఇంకా తిరగవలసిన ఇళ్ళున్నాయి. అందువల్ల ఆ రోజు చెప్పలేనిది ఇప్పుడు కాగితం మీద విన్నవించుకుంటున్నాను.

1. ఇంట్లో ఒక్కరే ఉన్నారన్న అభ్యంతరం గురించి.

ఇది వాస్తవమే. కల్యాణ్ గారు మీటరు చూసి, లోపలికి వచ్చి ఫారం చేతిలో పట్టుకొని అడిగారు.

"మేడం, ఇంట్ల ఎంతమంది ఉంటరు?"

"నేనొక్కదాన్నే సార్."

"పైన?"

"పై వాటాలో లోవలక్ష్మి గారి కుటుంబం అద్దెకు ఉంటారు. వాళ్ళ మీటరు వేరు సార్."

"మరి మీ ఒక్కరికి ఎనిమిది కిలోవాట్లేంది మేడం? గింత కరెంటు ఏం జేసుకుంటరు?"

ఆయన వెటకారంగా అడగలేదు. నిజంగానే అర్థం కాక అడిగారు. అంతలోనే ఆయన కళ్ళు హాల్లో గోడ వారగా పేర్చి ఉన్న డబ్బాల మీద పడ్డాయి. ఇంట్లో ఒక్క మనిషి, నలభైకి పైగా కేకు డబ్బాలు, వంటగదిలో మనిషి నడుము ఎత్తున కరెంటు ఓవెన్. ఇవి మూడూ ఒక్కచోట చూసినవారు ఎవరైనా ఆయన వ్రాసినట్టే వ్రాస్తారు. కనుక ముందుగా డబ్బాల సంగతి చెప్పవలసి ఉన్నది.

2. వ్యాపార సామగ్రి అన్న అభ్యంతరం గురించి.

మోండా మార్కెట్ వెనక సందులో ఐజాక్ గారి బేకరీ ఉండేది. కట్టెల పొయ్యి. క్రిస్మస్ ముందు రోజుల్లో ఆయన తన బ్రెడ్డు పని తెల్లవారేసరికే ముగించి, ఆ పొయ్యిని ఇళ్ళవాళ్ళకు వదిలేవారు. మేము ఇంట్లో పిండి, వెన్న, గుడ్లు, నెల ముందు నానబెట్టుకున్న పళ్ళు కలిపి, గిన్నెకు గుడ్డ కట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకొని వెళ్ళేవాళ్ళం. అక్కడ ఎవరి డబ్బాలో వాళ్ళు పోసుకొని ఇస్తే ఆయన కాల్చి ఇచ్చేవారు. ఈ ఆచారం తమరికి తెలిసి ఉండకపోవచ్చు. మా సికింద్రాబాదు సంఘాల ఆడవాళ్ళకు మాత్రం పండుగ అక్కడే మొదలయ్యేది.

డబ్బాలన్నీ ఒక్క కొలతవే. ఆయన పొడుగు చెక్క పార మీద నాలుగు సరిగ్గా కూర్చునేటట్టు రేకుపనివాళ్ళ చేత చేయించినవి. అన్నీ ఒకేలా ఉంటాయి గనుక ఎవరి డబ్బా మీద వాళ్ళు పేరు వేసుకునేవాళ్ళం. కొందరు మేకుతో చుక్కలు కొట్టి వేశారు. కొందరు గోళ్ళ రంగుతో వ్రాశారు. నా డబ్బా మీద పేరు లేదు, పక్కన చిన్న సిలువ గుర్తు గీసి ఉంటుంది. కాల్చడం అయ్యాక కేకు మాత్రం తీసుకొని డబ్బా అక్కడే వదిలి వచ్చేవాళ్ళం. ఆయన అటక మీద పెట్టి, వచ్చే డిసెంబరుకు దించేవారు.

అక్కడ వంతు రావడానికి సగం రోజు పట్టేది. ఆ సగం రోజూ పిండి బస్తాల మీద కూర్చునేవాళ్ళం. నేను అప్పటికీ ఇప్పటికీ ఎక్కువ మాట్లాడేదాన్ని కాను. అక్కడ మాట్లాడవలసిన పని కూడా ఉండేది కాదు, పక్కన కూర్చుంటే చాలు, వాళ్ళే మాట్లాడేవాళ్ళు. ముఖ్యంగా మౌలాలి నుండి వచ్చే ఎలీసబెతు గారని ఒకరు ఉండేవారు. నాకంటే పెద్ద. రైల్వే బడిలో పనిచేసి రిటైరయ్యారు. ఏ సంవత్సరమూ నన్ను వదిలేవారు కాదు.

"ఏందే డోరా, గింత గట్టిగ కలిపినవ్. ఇది కేకా, ఇటుకనా?"

నేను నవ్వి ఊరుకునేదాన్ని. వేరే ఎవరో నా పక్షం వచ్చేవారు. "ఆమెను అంటున్నారు గానీ, మీ గిన్నెలో వాసన ఏంటండీ ఎలీసబెతు గారూ? పళ్ళు నానబెట్టింది ద్రాక్షరసంలోనేనా?"

"రమ్ములనే నానబెట్టిన. మా పాస్టరు రెండు ముక్కలు ఎక్కువ తింటడు, పోయి అడుగు."

బస్తాల మీద ఉన్నవాళ్ళందరూ నవ్వేవాళ్ళు. పొయ్యి దగ్గర ఐజాక్ గారు కూడా నవ్వేవారు.

అయ్యా, అన్నేళ్ళలో వారిలో ఒక్కరి ఇల్లు కూడా నేను చూడలేదు. ఫోను నంబరు అడగాలని నాకు గానీ వాళ్ళకు గానీ తోచలేదు. వచ్చే డిసెంబరులో ఎలాగూ కలుస్తాం గదా అనుకునేవాళ్ళం. ఒకరిని ఒకరం డబ్బా గుర్తుతోనే ఎరుగుదుము.

ఐజాక్ గారు ప్రభువు నందు నిద్రించిన తరువాత వారి అబ్బాయి రోనాల్డ్ దుకాణం మూసివేశాడు. నేను మోండా మార్కెట్‌కు కూరగాయలకు వెళ్ళి చూసేసరికి అటక మీది డబ్బాలన్నీ సందులో కుప్పపోసి ఉన్నాయి.

"మంచిగైంది వచ్చినవ్ అక్కా. నీ డబ్బా ఏదో ఏరుకో. మిగిలినయి పాత సామాన్లాయనకు ఇచ్చేస్తున్న."

"ఇవన్నీ వేరేవాళ్ళవి కదా బాబూ. వాళ్ళు వచ్చి అడిగితే?"

"ఎవరు అడుగుతరక్కా? అందరు ఆన్‌లైన్ల తెప్పిస్తున్రు. నువ్వు తీస్కపో కావాలంటే. ఇన్ని డబ్బాలు ఏడ పెట్టుకుంటవ్, మీ ఇంట్ల ఎంతమంది ఉన్నరని?"

రెండు ఆటోలు పిలిచి అన్నీ ఇంటికి తెచ్చుకున్నాను. చింతపండుతో తోమి, తుడిచి, నూనె రాసి గోడ వారగా పెట్టాను. కల్యాణ్ గారు చూసిన సామగ్రి ఇదే. ఇది అమ్మడానికి తెచ్చినది కాదు. ఇందులో ఒక్కటి తప్ప మిగతావేవీ నావి కావు.

3. గేటుకు ఉన్న బోర్డు గురించి.

పోయిన సంవత్సరం డిసెంబరులో నేను పళ్ళు నానబెట్టి, కేకు మాత్రం కలపలేదు. ఎక్కడికి తీసుకువెళ్ళాలో తెలియలేదు. ఆ సీసా ఇప్పటికీ బీరువాలో ఉంది, పళ్ళు చెడలేదు. ఈ సంవత్సరం ఆస్పత్రిలో పాత వైర్లు మార్చడానికి వచ్చిన ప్రభుదాస్ అనే ఎలక్ట్రీషియను, ఒక హాస్టలు మూతపడినందున వారి వంటగదిలోని ఓవెన్ ఇచ్చివేస్తున్నారని మాటల్లో చెప్పాడు. వెళ్ళి మా డబ్బా ఒకటి పెట్టి చూశాను. పక్కపక్కన నాలుగు పట్టాయి. తలుపు మూసుకుంది. తెచ్చుకున్నాను.

తరువాత ఆ డబ్బాల వాళ్ళందరికీ కబురు ఎట్లా చేయాలో తెలియలేదు. మా సంఘంలో పాస్టరుగారి చేత ప్రకటన చేయించాను. వాళ్ళలో చాలామంది వేరే వేరే సంఘాలవాళ్ళు. బేకరీ ఉన్న సందులో కాగితం అంటిస్తే, అక్కడ వచ్చిన సెల్‌ఫోను కవర్ల దుకాణంవారు తీసివేశారు. చివరకు ఒక రేకు బోర్డు వ్రాయించి నా గేటుకే కట్టాను. బస్సు ఆ రోడ్డునే పోతుంది గనుక ఎవరి కంటనైనా పడవచ్చునని నా ఆశ. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు ఇక్కడ వ్రాస్తున్నాను:

"ఐజాక్ బేకరీ డబ్బాలు ఈ ఇంట్లో భద్రముగా ఉన్నవి. ఎవరి డబ్బా వారు వచ్చి చూసుకొనవచ్చును. డిసెంబరులో ఇక్కడ పొయ్యి ఉండును."

బోర్డు కట్టిన రోజునే లోవలక్ష్మి గారు మేడమెట్ల మీద నుండి చదివారు. వారిది తుని దగ్గర.

"అక్కగారూ, ఏటండిది? పొయ్యి ఉండునని రాయించీసినారేటి? సూసినోళ్ళు హోటలెట్టినారనుకుంటారండి."

"డబ్బాల వాళ్ళకు తెలుస్తుందమ్మా."

"ఆళ్ళకి తెలుస్తాది. కరెంటోళ్ళకి తెలుస్తాదా?"

ఆమె నవ్వుతూ అన్న మాట తమ కార్యాలయం కాగితంగా వచ్చింది.

4. అసలు ఎనిమిది కిలోవాట్లు ఎందుకన్న దాని గురించి.

ఇది ముఖ్యమైన అంశం. దయతో కాస్త తీరికగా చదవ ప్రార్థన.

ఓవెన్ తెచ్చిన కొత్తలో ఒక ఆదివారం ఆరాధన ముగించుకొని వచ్చి, ఖాళీగా వేడి చేసి చూశాను. అదే సమయాన ట్యాంకులో నీళ్ళు అయిపోయి మోటారు వేశాను. మీటరు కింద పింగాణీ ఫ్యూజు దగ్గర చిటచిటమని, కాలిన వాసన వచ్చి ఇల్లంతా చీకటైంది. ప్రభుదాస్ వచ్చి చూశాడు.

"అక్కా, ఇది మీ నాయన కాలం నాటి బోర్డు. దీని మీద ఫ్యాను, లైటు, ఇస్త్రీపెట్టె నడుస్తయి. దీని మీద బేకరీ నడుపుతా అంటే ఎట్ల?"

"బేకరీ కాదు తమ్ముడూ."

"ఏదో ఒకటి. ముందైతే లోడ్ రాద్దాం, చెప్పు."

నేను చెబుతుంటే అతను వ్రాశాడు. ఓవెన్ మూడున్నర కిలోవాట్లు. గీజరు రెండు. టీ నీళ్ళు మరిగించే కెటిల్ ఒకటిన్నర. నీళ్ళ మోటారు ముప్పావు. చక్కెర పొడి కొట్టే మిక్సీ, ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు అన్నీ కలిపి ఇంకొక ఒకటిన్నర దాకా. కూడితే తొమ్మిది దాటింది. ఒక్క క్షణంలో అన్నీ కలిసి నడవవు గనుక ఎనిమిది చాలునని, అయిదు దాటితే ఎలాగూ త్రీఫేజు తీసుకోవలసిందేనని చెప్పాడు. పాత ఫ్యూజు బోర్డు తీసి ఎంసీబీల పెట్టె పెడతానని, ఓవెన్‌కు దాని సొంత లావు వైరు బోర్డు నుండే వేసి ఒక ఫేజు మీద, గీజరు రెండవ దాని మీద, మిగతా ఇల్లు మూడవ దాని మీద పంచుతానని చెప్పాడు. ఎర్తు కూడా కొత్తగా కొట్టాలన్నాడు. పెట్టెలో రెండు గళ్ళు ఖాళీగా ఉంచుతానన్నాడు. ఎందుకని అడిగాను.

"రేపు ఎవరన్న వస్తరు, ఇంకేదన్న కావాలంటరు. అప్పుడు మళ్ళ గోడ పగలగొట్టాల్నా? ఖాళీ ఉంచుకోవాలె అక్కా."

ఆ మాట నాకు నచ్చింది.

దరఖాస్తు నింపేటప్పుడు మాత్రం అతను, "ఓవెన్ అని రాయకు, రెండు ఏసీలు అని రాయి. ఏసీ అంటే ఎవ్వరు ఏం అడగరు," అన్నాడు. నా ఇంట్లో ఏసీ లేదు. లేనిది ఉన్నదని వ్రాయడం నా వల్ల కాలేదు. ఓవెన్ అనే వ్రాశాను. తనిఖీ రావడానికి కారణం అదేనని ఇప్పుడు తెలిసింది. అయినా అట్లా వ్రాసినందుకు నాకు చింత లేదు.

ఇక కల్యాణ్ గారు ఆ రోజు ఇచ్చిన సలహా సంగతి. చిన్న ఓవెన్ కొనుక్కోవచ్చు గదా మేడం అన్నారు. చిన్న ఓవెన్‌లో ఐజాక్ గారి డబ్బా పట్టదు. తలుపు మూసుకోదు. చిన్నది ఎవరింట్లో వారికి ఉండనే ఉంది. దాని కోసం ఒకరింటికి ఒకరు వచ్చే పని లేదు. అది విని ఆయన ఇంకొక మాట అన్నారు.

"సరే మేడం, పెద్దదే నడుపుకోండి. అది నడిచేటప్పుడు గీజరు బంద్ పెట్టండి, మోటారు బంద్ పెట్టండి. ఒకటైనంక ఒకటి వేసుకుంటే ఇప్పుడున్న నాలుగే సరిపోతయి గద?"

అయ్యా, ఆయన చెప్పింది నిజం. తరువాత అదే విధంగా చేసి చూశాను. ముందే ట్యాంకు నింపుకున్నాను. ఫ్రిజ్ ప్లగ్గు తీసివేశాను. గీజరు, మిక్సీ, ఫ్యాను అన్నీ ఆపివేశాను. ఒక్క ట్యూబులైటు ఉంచి, ఓవెన్ వేసి, దాని ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నాను. బీరువాలోని సీసా పళ్ళలో సగం తీసి కలిపిన పిండి, నా సిలువ గుర్తు డబ్బాలో. ఫ్యూజు పోలేదు. కేకు చక్కగా పొంగింది. చల్లారాక ముక్క కోసి పళ్ళెంలో పెట్టుకున్నాను. ప్రార్థన చేసుకొని తిన్నాను. నాకైతే మెత్తగానే ఉన్నట్టు అనిపించింది. అడుగుదామంటే ఎవరూ లేరు.

కాబట్టి ఒప్పుకొంటున్నాను. ఒక్కరే ఉంటే ఇప్పుడున్న లోడు సరిపోతుంది. ఒక పని అయ్యాక ఇంకొక పని చేసుకోవచ్చు, తొందర ఏమీ లేదు. ఇన్నేళ్ళుగా అట్లానే చేసుకుంటున్నాను. మనుషులు వస్తే అది కుదరదు. ఓవెన్‌లో నాలుగు డబ్బాలు ఉండగానే ఒకరు వెన్న జిడ్డు గిన్నెలు కడగడానికి వేడి నీళ్ళు అడుగుతారు. ఒకరు చక్కెర సరిగా పొడి కాలేదని మళ్ళీ మిక్సీ వేస్తారు. అంతమంది బాత్‌రూముకు వెళితే మోటారు వేయక తప్పదు. పెద్దవాళ్ళకు ఓవెన్ వేడికి ఫ్యాను కావాలి. ఎవరో ఒకరు టీ అంటారు. ఒకరికి పెట్టి ఇంకొకరికి పెట్టకుండా ఉండలేము. ఇదంతా ఒకే గంటలో అవుతుంది. "ఆగండమ్మా, ఒకటి ఆపాక ఇంకొకటి" అని వచ్చినవాళ్ళతో చెప్పడం నాకు ఇష్టం లేదు. నేను అడిగిన లోడు ఆ గంట కోసం.

5. ఇది వ్యాపారం కాదనడానికి రుజువు.

బోర్డు కట్టిన నాటి నుండి నా గేటు తీసిన కొత్తవారి వివరం తమ పరిశీలన నిమిత్తం తెలుపుకొంటున్నాను. పాత సామాన్లు కొనే ఆయన ఒకరు వచ్చి, డబ్బాలు తూకానికా, లెక్కకా అని అడిగారు. ఇవ్వడానికి కావని చెప్పాను. సాఫ్ట్‌వేరు ఆఫీసులో పనిచేసే కుర్రాడు ఒకడు, నెలకు డబ్బా ఎంత ఆంటీ, రాత్రికి చపాతీ ఉంటుందా అని అడిగాడు. అన్నం డబ్బా కాదు నాయనా అని చెప్పి, ఆకలితో ఉన్నట్టుంటే ఆ పూట ఉన్నది పెట్టి పంపాను. మూడో ఆయన తనిఖీకి వచ్చిన కల్యాణ్ గారు.

డబ్బా కోసం ఎవరూ రాలేదు. వ్యాపారమైతే గిరాకీ ఉండాలి. ఈ ముగ్గురు తప్ప నా వాకిట్లోకి ఒక్క మనిషీ రావడం లేదనడానికి పై వాటా లోవలక్ష్మి గారు సాక్షి. ఆమె సంతకం జతపరిచాను. ఆమె సంతకం చేస్తూ, "ఇదేటి సాక్ష్యమండీ అక్కగారూ, మీ ఇంటికెవరూ రారని నేను సంతకమెట్టడం. నాకు సెయ్యాడట్లేదు," అన్నారు. పెట్టమ్మా, ఆఫీసుకు కావాలి అంటే పెట్టారు.

ఈ అంశంలో నాకు ఒక ఇబ్బంది ఉన్నది. లోడు అవసరమని తమరు నమ్మాలంటే నా ఇంటికి మనుషులు వస్తారని చూపించాలి. వ్యాపారం కాదని తమరు నమ్మాలంటే ఎవరూ రారని చూపించాలి. రెండూ ఒకే కాగితం మీద ఎట్లా వ్రాయాలో నాకు తెలియలేదు. ఇప్పటివరకు రాలేదు, వస్తారని నమ్ముతున్నాను అన్నదే నేను వ్రాయగలిగినది.

6. బోర్డు తొలగించవలెనన్న షరతు గురించి.

తమ కాగితం అందిన మర్నాడు బోర్డు విప్పడానికి స్టూలు వేసుకొని ఎక్కాను. లోవలక్ష్మి గారు స్టూలు పట్టుకున్నారు. ఫోటో తీసి ఇచ్చి, లోడు వచ్చాక మళ్ళీ కట్టుకోవచ్చుగదా అని ఆమె అన్నారు. అట్లా చేస్తే తీసివేశానని తమకు ఇచ్చిన మాట అబద్ధమవుతుంది. పైగా డిసెంబరు దగ్గరపడింది. ఈ కొన్ని రోజుల్లోనే ఎవరైనా బస్సు కిటికీలో నుండి చూడాలి. నేను ఒక తీగ ముడి విప్పి, అప్పుడే సిటీ బస్సు వస్తుంటే ఆగిపోయాను. కిటికీ పక్కన ఎవరెవరు ఉన్నారో చూశాను. బస్సు వెళ్ళిపోయింది. ముడి తిరిగి వేసి దిగాను.

కనుక తమరితో నా మనవి ఇది. పై సంగతులు దృష్టిలో పెట్టుకొని, నా ఇంటి వాడకాన్ని గృహ అవసరంగానే పరిగణించి, క్రిస్మస్‌కు ముందు ఎనిమిది కిలోవాట్ల లోడు, త్రీఫేజు మీటరు ఇప్పించ ప్రార్థన. నియమం ప్రకారం చెల్లించవలసినది చెల్లిస్తాను. ప్రభుదాస్ వైరింగు పని ముగించి టెస్టు రిపోర్టు ఇస్తాడు. ఒకవేళ బోర్డు, లోడు రెండూ కలిపి ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోని పక్షంలో, నా దరఖాస్తును కొట్టివేసి బోర్డు ఉండనివ్వండి. నాలుగు కిలోవాట్లతోనే ఏదో ఒక విధంగా నడుపుకొంటాను. చీకట్లో కూర్చోవలసి వస్తే వాళ్ళకు నచ్చజెప్పుకొంటాను. బోర్డు లేకపోతే మాత్రం వాళ్ళకు ఈ ఇల్లు తెలిసే దారి ఇంకొకటి లేదు.

తమ కుటుంబ క్షేమం కోసం ప్రార్థిస్తూ, ఈ నాలుగు కాగితాలను విసుగు లేక చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయురాలు,
కె. డోరా.

జతపరిచినవి: కరెంటు బిల్లు నకలు, ప్రభుదాస్ వ్రాసిన లోడు వివరం, లోవలక్ష్మి గారి సాక్షి సంతకం, బోర్డు ఫోటో (గేటుకు ఉండగానే తీసినది).

తాజా కలం: అయ్యా, పై అర్జీ వ్రాసి కవరులో పెట్టి, ఈ రోజు ఆస్పత్రి నుండి వచ్చాక తమ ఆఫీసుకు తీసుకువద్దామని ఉంచాను. నేను ఇంటికి చేరేసరికి మెట్ల మీద ఒక పెద్దావిడ కర్ర పక్కన పెట్టుకొని కూర్చొని ఉన్నారు. లోవలక్ష్మి గారు ఆమెకు నీళ్ళ గ్లాసు అందిస్తున్నారు. నన్ను చూసి ఆమె లేవలేదు.

"ఏందే డోరా. బోర్డు మీద అక్షరాలు గంత సన్నగ రాయించినవేంది? మూడుసార్లు బస్సుల పోయిన, ఒక్కసారి సుత చదవరాలె. ఇయ్యాల సిగ్నల్ పడ్డది గాబట్టి చదివిన."

ఎలీసబెతు గారు. మౌలాలి నుండి బోయిన్‌పల్లి కళ్ళ ఆస్పత్రికి వస్తున్నారట. లోపలికి తీసుకువెళ్ళాను. డబ్బాల వరుస ముందు నిలబడి ఒక్కొక్కటీ చేత్తో తడుముతూ వెళ్ళారు. మేకు చుక్కలతో వేసిన తన పేరు తగలగానే ఆగారు. దాన్ని తీసి చంకలో పెట్టుకుంటారనుకున్నాను. తీసి, వరుసలో అన్నిటికన్నా ముందు పెట్టారు.

"ఫస్టు నాదే. ఎన్నడు షురూ జేస్తున్నవ్?"

కరెంటు లోడు ఇంకా మంజూరు కాలేదని, ఓవెన్ నడిచేటప్పుడు టీ కూడా పెట్టలేనని చెప్పాను.

"గట్లయితె టీ ముందే పెట్టు. దానికింత పరేషానేంది?"

అప్పుడే పెట్టాను. నేను ఒక్కదాన్నే కాల్చి చూసిన కేకు ఇంకా ఉంటే ముక్క కోసి ఇచ్చాను. ఆమె నెమ్మదిగా నమిలి, పళ్ళెం నా వైపు జరిపారు.

"గట్టిగనే ఉంది. ఇంకో ముక్క వెయ్యి."

అందువల్ల అయ్యా, పై అర్జీలో అయిదవ అంశం మారిపోయింది. కాగితం మళ్ళీ మొదటి నుండి వ్రాసే ఓపిక లేదు. ఆమె ఇంకా హాల్లోనే ఉన్నారు, పిలుస్తున్నారు. "డబ్బా కోసం ఎవరూ రాలేదు" అని ఉన్నచోట "ఒకరు వచ్చారు" అని దిద్దుకొని చదవవలెను. దానివల్ల నా దరఖాస్తుకు నష్టం కలిగేటట్టయినా, దిద్దుకొనియే చదవవలెను.